కోళ్లలో ఒత్తిడి ప్రొటీన్లను ఎలైజా కిట్‌తో కొలవడం: షెడ్డు నుంచి ప్లేట్ రీడర్ దాకా

కోడికి చెమట గ్రంథులు లేవు. ఒంట్లో పెరిగిన వేడిని అది ప్రధానంగా నోరు తెరిచి రొప్పడం ద్వారానే బయటికి పంపుకోవాలి. విశాఖ తీరంలో రోహిణి కార్తె నాటికి ఎండ రాయలసీమలో అంత మండకపోయినా గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, రొప్పినా నీరు సరిగా ఆవిరి కాదు, ఒళ్లు చల్లబడదు. ఆనందపురం, పద్మనాభం వైపు షెడ్లలో అమ్మకానికి దగ్గరపడిన బ్రాయిలర్లు మధ్యాహ్నం పూట రెక్కలు ఎడంగా పెట్టి, మేత ముట్టకుండా కూర్చోవడానికి కారణం ఇదే. ఈ బాధ కణాల దాకా ఎంత వెళ్లిందో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో కొలిచే ఒత్తిడి ప్రొటీన్ల గురించి, యాంటీబాడీలతో పట్టి, రంగుతో కొలిచే ఎలైజా కిట్ల గురించి, పశువైద్య, జీవరసాయన విభాగాల విద్యార్థులనూ లాబ్ టెక్నీషియన్లనూ దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

1962లో ఇటలీ జన్యుశాస్త్రవేత్త ఫెరుచియో రిటోసా, వేడి తగిలిన పండ్ల ఈగ లార్వాల క్రోమోజోములపై కొత్త ఉబ్బులు ఏర్పడటాన్ని గమనించి ప్రచురించారు. ఆ ఉబ్బుల వెనుక ఉన్న జన్యువుల నుంచి తయారయ్యేవే హీట్ షాక్ ప్రొటీన్లని తరువాతి దశాబ్దంలో తేలింది. వీటిలో కోళ్ల పరిశోధనలో ఎక్కువగా కొలిచేది సుమారు 70 కిలోడాల్టన్ల అణుభారం గల హెచ్‌ఎస్‌పీ-70. వేడికి మడత చెడిన ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుపోకుండా పట్టుకుని, తిరిగి సరైన రూపానికి రావడానికి సాయపడటం దాని పని. అది ప్రధానంగా కణం లోపల ఉండే ప్రొటీన్ అన్న సంగతి మొదటే గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తరువాత వచ్చే చిక్కుల్లో సగం అక్కడే పుడతాయి. కాలేయం, గుండె, మెదడు, కండరం, తెల్ల రక్తకణాలు ఇవి హెచ్‌ఎస్‌పీ-70 కొలవడానికి సహజమైన నమూనాలు. సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, కూడా అది కొద్దిగా ఉంటుంది గానీ, ఆ కొద్దిపాటి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం కష్టం.

అందువల్ల కిట్ వెతకడానికి ముందు ప్రశ్నను వెతుక్కోవాలి. వేడి దెబ్బ కణాలపై ఎలా పనిచేసిందన్నది ప్రశ్న అయితే కణజాలంలో హెచ్‌ఎస్‌పీ-70 కొలవాలి. మందలో వాపు, అంటువ్యాధి, టీకా తరువాతి ప్రతిస్పందన వంటివి చూడాలనుకుంటే సీరంలో ఆల్ఫా-1 ఆసిడ్ గ్లైకోప్రొటీన్, ఓవోట్రాన్స్‌ఫెరిన్, సీరం అమైలాయిడ్-ఎ వంటి, వాపు వచ్చినప్పుడు రక్తంలో పరిమాణం మారే అక్యూట్ ఫేజ్ ప్రొటీన్లు మేలు. క్షీరదాల్లో వాపు వచ్చినప్పుడు ట్రాన్స్‌ఫెరిన్ తగ్గుతుంది, కోడిలో దానికి సాటియైన ఓవోట్రాన్స్‌ఫెరిన్ పెరుగుతుంది. మనుషుల పాఠ్యపుస్తకం చదివి కోడి ఫలితాన్ని తిరగేసి చెప్పేవాళ్లు ఇక్కడే పొరబడతారు. పట్టుకున్నప్పటి, రవాణా చేసినప్పటి తక్షణ ఒత్తిడిని కొలవాలంటే కార్టికోస్టెరోన్ ఉంది. అయితే అది ప్రొటీన్ కాదు, స్టెరాయిడ్ హార్మోను. పక్షుల్లో ప్రధాన ఒత్తిడి హార్మోను అదే కాబట్టి, మనుషులకు వాడే కార్టిసాల్ కిట్ తెచ్చి కోడి సీరం పోయడం వల్ల ప్రయోజనం లేదు.

కిట్ ఎంపిక

1971లో స్వీడన్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ ప్రకటించిన ఎలైజా పద్ధతి ఇప్పుడు అనేక రూపాల్లో దొరుకుతోంది. ప్రొటీన్లకు సాధారణంగా శాండ్‌విచ్ రకం వాడతారు. ప్లేటు అడుగున అంటించిన యాంటీబాడీ ప్రొటీన్‌ను ఒక వైపు పట్టుకుంటుంది, బయోటిన్ తగిలించిన రెండో యాంటీబాడీ మరో వైపు పట్టుకుంటుంది, దానికి స్ట్రెప్టావిడిన్‌తో కూడిన హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ అతుక్కుని రంగు పుట్టిస్తుంది. ఇందులో ప్రొటీన్ ఎంత ఎక్కువైతే రంగు అంత ముదురుతుంది. కార్టికోస్టెరోన్ వంటి చిన్న అణువుకు రెండు యాంటీబాడీలు పట్టేంత చోటు ఉండదు కాబట్టి పోటీ రకం కిట్లు వాడతారు, అక్కడ పదార్థం పెరిగితే రంగు తగ్గుతుంది. రెండు రకాలనూ ఒకే వారంలో నడిపే లాబ్‌లో ఈ తేడాను ప్లేటు మూత మీదే రాసి పెట్టుకోవడం మంచిది.

కేటలాగ్‌లో కోడి పేరు ఉన్నంత మాత్రాన అది కోడి ప్రొటీన్‌ను కొలుస్తుందని నమ్మకూడదు. హెచ్‌ఎస్‌పీ-70 నిర్మాణం జీవజాతుల మధ్య పెద్దగా మారదు కాబట్టి మనిషి ప్రొటీన్‌కు తయారుచేసిన యాంటీబాడీ కోడి నమూనాలో కూడా రంగు చూపవచ్చు. అంతకంటే తిప్పలు పెట్టేది, ఒత్తిడి లేకపోయినా కణంలో ఎప్పుడూ ఉండే దాని సోదర ప్రొటీన్ హెచ్‌ఎస్‌సీ-70. కిట్ ఈ రెండింటినీ విడదీయలేకపోతే చల్లగా ఉన్న కోడికీ, వేడెక్కిన కోడికీ అంకెల్లో తేడా కనిపించదు. కాబట్టి డీలరును ధర అడిగే ముందే, యాంటీబాడీని ఏ జీవి ప్రొటీన్‌పై తయారుచేశారు, హెచ్‌ఎస్‌సీ-70తో క్రాస్ రియాక్షన్ (దాన్ని కూడా పొరబాటున పట్టడం) ఎంత, పోలిక కోసం తెలిసిన మోతాదులో ఇచ్చే స్టాండర్డ్ కోడి ప్రొటీనేనా, ఏయే నమూనాలపై పరీక్షించారు, కొలిచే పరిధి ఎంత అని రాతపూర్వకంగా అడగాలి. సమాధానంగా కరపత్రం మాత్రమే పంపే సంస్థను పక్కన పెట్టడమే నా సలహా. ఇంకో గీటురాయి కూడా ఉంది. కోళ్లలో హాప్టోగ్లోబిన్ ఉండదు, హీమోగ్లోబిన్‌ను పట్టుకునే ఆ పనిని వాటిలో పిట్-54 అనే వేరే ప్రొటీన్ చేస్తుంది. కోడి హాప్టోగ్లోబిన్ ఎలైజా అని ఎవరైనా అమ్మజూపితే, ఆ సంస్థ మిగతా కోడి కిట్లను కూడా అంతే శ్రద్ధతో పరీక్షించి ఉంటుందని అనుకోవాలి.

ఎన్ని కిట్లు కావాలో లెక్క వేసేటప్పుడు ప్లేటులోని 96 వెల్స్ (గుంటలు) అంటే 96 కోళ్లు కాదు. ప్రొటీన్ లేని బ్లాంక్‌తో కలిపి 8 స్టాండర్డ్‌లు, విలువ ముందే తెలిసిన 2 కంట్రోళ్లు, అన్నీ రెండేసి వెల్స్‌లో పెడితే 20 వెల్స్ పోతాయి. మిగిలిన 76లో 38 నమూనాలు మాత్రమే పడతాయి. అధ్యయనం మొత్తానికి అవసరమైన కిట్లను ఒకే లాట్ (తయారీ విడత) నంబరుతో ఒకేసారి తెప్పించుకోవాలి. కిట్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ప్రయాణించాలి కాబట్టి, పార్శిల్ శనివారం సాయంత్రం వచ్చి సోమవారం దాకా కొరియర్ గోడౌన్‌లో ఉండిపోయే అవకాశం లేకుండా వారం మొదట్లో అందేలా ఆర్డరు పెట్టాలి. సంక్రాంతి వారంలో అసలు తెప్పించకపోవడం ఉత్తమం. పెట్టె తెరిచిన వెంటనే ఐస్ ప్యాకులు ఇంకా చల్లగా ఉన్నాయో లేదో చూసి, ఫొటో తీసి, తేదీతో రిజిస్టరులో నమోదు చేయాలి.

రక్తం తీయడం, సీరం వేరుచేయడం

ప్రయోగం కోసం కోళ్ల నుంచి రక్తం తీయాలన్నా, కణజాలం తీయాలన్నా సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి ముందుగా ఉండాలి. సొంతంగా అలాంటి కమిటీ లేనివారు పశువైద్య కళాశాలతో కలిసి పనిచేయడం మేలు. విశాఖకు దగ్గరలో విజయనగరం జిల్లా గరివిడిలో ఒకటి ఉంది. షెడ్డులోకి వెళ్లేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు అవే చెప్పులతో వెళ్లకూడదు.

కోడిని తరిమి పట్టుకోవడమే దానికి పెద్ద ఒత్తిడి. కార్టికోస్టెరోన్ కొలిచేటట్లయితే కోడిని తాకిన క్షణం నుంచి సుమారు 3 నిమిషాల్లోపు రక్తం తీయడం పూర్తికావాలి, లేకపోతే మీరు కొలిచేది ఎండ ప్రభావాన్ని కాదు, మీ చేతుల ప్రభావాన్ని. హెచ్‌ఎస్‌పీ-70, అక్యూట్ ఫేజ్ ప్రొటీన్లు అంత త్వరగా మారవు గానీ, అన్ని కోళ్లకూ ఒకే వేళ, ఒకే వరుస పాటించడం అవసరం. ఒకరు కోడిని పక్కకు పడుకోబెట్టి రెక్క చాపి పట్టుకుంటే, రెండోవారు రెక్క లోపలి వైపు ఈకలు తొలగించి, స్పిరిట్‌తో తుడిచి, చర్మం కింద నీలంగా కనిపించే సిర నుంచి సన్నని సూదితో నిదానంగా లాగాలి. ఒంటి బరువులో 1 శాతానికి మించి తీయకూడదన్నది పై హద్దు. 2 కిలోల బ్రాయిలర్‌కు ఆ హద్దు సుమారు 20 మిల్లీలీటర్లు. మన పనికి 2 మిల్లీలీటర్లు చాలు. సూది తీశాక కొంతసేపు దూదితో నొక్కి పట్టుకోకపోతే ఆ చోట రక్తం గూడుకట్టి ఉబ్బుతుంది.

సిరంజిని గట్టిగా లాగినా, సూది తీయకుండానే రక్తాన్ని ట్యూబులోకి చిమ్మినా ఎర్ర కణాలు చిట్లుతాయి. మనుషుల సీరంలో ఈ చిట్లడం (హీమోలిసిస్) ఒక ఇబ్బంది అయితే కోళ్ల సీరంలో అది అంతకు మించిన ప్రమాదం. కోడి ఎర్ర రక్తకణాలకు కేంద్రకం ఉంటుంది, అవి స్వయంగా హీట్ షాక్ ప్రొటీన్లను తయారు చేసుకోగలవు. కణం చిట్లితే లోపలి హెచ్‌ఎస్‌పీ-70 సీరంలోకి వచ్చి కలుస్తుంది. ఎండలో నిలబెట్టిన వ్యానులో గంట సేపు కుదుపులకు గురైన ట్యూబులోని సీరం గులాబీ రంగు తిరిగి ఉంటే, ఆ నమూనా చూపించే పెద్ద అంకెకు కోడి అనుభవించిన ఒత్తిడితో సంబంధం ఉండకపోవచ్చు. గులాబీ రంగు సీరాన్ని హెచ్‌ఎస్‌పీ-70 పరీక్షకు వాడకపోవడమే సరైనది. వాడక తప్పకపోతే రంగు తీవ్రతను రిజిస్టరులో రాసి, ఆ అంకెలను విడిగా చూడాలి.

రక్తం ఉన్న ట్యూబులను ఏటవాలుగా ఉంచి, గడ్డ కట్టే దాకా నీడలో గది ఉష్ణోగ్రతలో వదలాలి. తీసిన వెంటనే ఐసులో పెడితే గడ్డ కట్టడం ఆలస్యమవుతుంది. గడ్డ కట్టాక 1000 జీ (భూమి గురుత్వాకర్షణకు 1000 రెట్లు) బలంతో 15 నుంచి 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేలిన సీరాన్ని గడ్డను కదపకుండా తీసి, 250 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచాలి. పదే పదే కరిగించి గడ్డకట్టిస్తే ప్రొటీన్లు చెడిపోతాయి కాబట్టి ఈ పంపకం అవసరం. నెలల తరబడి దాచాలంటే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక రోజుల తరబడి కరెంటు లేని నగరాన్ని చూసినవారికి ఆ ఫ్రీజరుకు జనరేటరు ఎందుకో వేరే చెప్పనవసరం లేదు.

కణజాలమైతే, కోడిని మానవీయంగా చంపిన కొద్ది నిమిషాల్లోనే కాలేయం ముక్కను తీసి, చల్లని ఫాస్ఫేట్ బఫరుతో రక్తం పోయేలా కడగాలి. ఈ కడగడంలో బద్ధకించకూడదు, ఎర్ర కణాల సమస్య ఇక్కడ కూడా ఉంది. 1 గ్రాము ముక్కకు 9 మిల్లీలీటర్ల చొప్పున ప్రొటియేజ్ ఇన్హిబిటర్ (ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్‌లను ఆపేది) కలిపిన చల్లని బఫరు పోసి, ఐసు మీదే హోమోజెనైజ్ చేసి, 4 డిగ్రీల వద్ద 10,000 జీ బలంతో 10 నిమిషాలు తిప్పి పై ద్రవాన్ని తీసుకోవాలి. ఎస్‌డీఎస్ వంటి గట్టి డిటర్జెంట్లు యాంటీబాడీ పనిని పాడుచేస్తాయి. ముక్క బరువు, నీటి శాతం కోడి కోడికీ మారతాయి కాబట్టి, అదే ద్రవంలో మొత్తం ప్రొటీన్‌ను బీసీఏ అనే రంగు పద్ధతిలో కొలిచి పెట్టుకోవాలి.

ప్లేటు నడిపే రోజు

కిట్ కరపత్రంలో గది ఉష్ణోగ్రత అని ఉన్నచోట దాని అర్థం 18 నుంచి 25 డిగ్రీలు, మే నెల విశాఖలో ఏసీ లేని లాబ్ కాదు. గది 33 డిగ్రీలు ఉంటే ఎంజైమ్ వేగం పెరిగి రంగు త్వరగా ముదురుతుంది, నిన్నటి ప్లేటుకూ నేటి ప్లేటుకూ పొంతన కుదరదు. ఏసీ వేసి, గది చల్లబడ్డాకే కిట్‌ను ఫ్రిజ్‌లోంచి తీయాలి. ప్లేటు ఉన్న రేకు సంచిని కనీసం అరగంట దాకా తెరవకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ గ్లాసుకు బయట నీరు పట్టినట్టే, తీరప్రాంతపు తేమ గాలిలో చల్లని ప్లేటును వెంటనే బయటికి తీస్తే వెల్స్ లోపల కంటికి కనపడని తడి చేరుతుంది. ఇంకో రోజుకు మిగిల్చే స్ట్రిప్‌లకు (ప్లేటు నుంచి విడదీయగల వెల్ వరుసలకు) ఆ తడి మరీ చేటు.

తరువాతి అంకెలు సాధారణంగా కనిపించేవి. మీ కిట్ కరపత్రంలో వేరుగా ఉంటే దాన్నే పాటించాలి. పొడి రూపంలోని స్టాండర్డ్‌కు చెప్పినంత ద్రావణం పోసి, నురుగు రాకుండా నెమ్మదిగా తిప్పి, 10 నుంచి 15 నిమిషాలు వదలాలి. దాని నుంచి సగం సగంగా పలుచన చేస్తూ పోవాలి, ప్రతి మెట్టుకూ కొత్త పిపెట్ టిప్ వాడాలి. స్టాండర్డ్‌లు, నమూనాలు 100 మైక్రోలీటర్ల చొప్పున రెండేసి వెల్స్‌లో పోసి, మూత అంటించి, 37 డిగ్రీల వద్ద చెప్పినంతసేపు ఉంచాలి. మొదటి వెల్‌కూ చివరి వెల్‌కూ మధ్య 10 నిమిషాలకు మించి తేడా రాకుండా ముందే నమూనాలను వరుసగా అమర్చుకోవాలి. ప్లేట్లను ఒకదానిపై ఒకటి పేర్చితే అంచు వెల్స్ ముందు వేడెక్కి మధ్య వెల్స్ వెనకబడతాయి. రంగు వచ్చేటప్పుడు నాలుగు మూలలూ మధ్య భాగం కంటే ముదురుగా కనబడితే కారణం అదే.

ఆపై బయోటిన్ యాంటీబాడీ, కడగడం, హెచ్‌ఆర్‌పీ, మళ్లీ కడగడం. ఎలైజాలో అనుభవం ఉన్నవారికీ లేనివారికీ తేడా తెలిసేది ఈ కడగడంలోనే. ప్రతి వెల్‌లో 350 మైక్రోలీటర్ల వాష్ బఫరు నింపి, అర నిమిషం ఆగి, ఒక్క విసురుతో పారబోసి, దూది పోగులు రాలని టిష్యూ కాగితంపై ప్లేటును బోర్లించి తట్టాలి. చివరి దశలో ఇలా 5 సార్లు చేయాలి. బుడగ చిక్కుకున్న వెల్‌లో బఫరు అడుగుకు చేరదు, ఆ వెల్ ఒక్కటే అసాధారణమైన రంగు చూపిస్తుంది. బఫరు డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి. సోడియం అజైడ్ కలిపిన ద్రావణం ఏదీ దరిదాపుల్లోకి రాకూడదు, అది హెచ్‌ఆర్‌పీని పనిచేయనివ్వదు.

హెచ్‌ఆర్‌పీ తగిలితే నీలంగా మారే టీఎంబీ ద్రావణాన్ని వాడే ముందు ఒకసారి తేరిపార చూడాలి. సీసాలో ఉండగానే నీలి ఛాయ కనిపిస్తే అది కలుషితమైంది, పారేయాలి. వెల్స్‌లో పోసి చీకట్లో ఉంచితే పై స్టాండర్డ్‌లు కొద్ది నిమిషాల్లోనే నీలంగా మారతాయి, కింది వాటికి ఒక్కొక్క మెట్టే రంగు వస్తుంది. పై మూడు నాలుగు స్టాండర్డ్‌ల మధ్య తేడా కంటికి స్పష్టంగా తెలుస్తూ, బ్లాంక్ ఇంకా తేటగా ఉన్నప్పుడే, టీఎంబీ పోసిన వరుసలోనే 50 మైక్రోలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి ఆపాలి. నీలం పసుపుగా మారుతుంది. 10 నిమిషాల్లోపు, రంగు ఎంత ముదిరిందో కొలిచే ప్లేట్ రీడరులో 450 నానోమీటర్ల వద్ద చదవాలి. రీడరులో వీలుంటే 570 లేదా 630 వద్ద చదివిన విలువను తీసివేయడం వల్ల ప్లాస్టిక్‌పై గీతలు, వేలిముద్రల దోషం పోతుంది. రీడరుకు యూపీఎస్ ఉండాలి, సరిగ్గా ఆమ్లం పోశాక కరెంటు పోతే ప్లేటు మొత్తం వృథా.

అంకెలను చదవడం

స్టాండర్డ్‌ల గ్రాఫ్ సరళరేఖ కాదు, ఎస్ ఆకారపు వంపు. కాబట్టి ఎక్సెల్‌లో సరళరేఖ గీసి సరిపెట్టకుండా ఫోర్ పారామీటర్ లాజిస్టిక్ పద్ధతి వాడాలి. జంట వెల్స్ ఓడీలు (రీడరు చూపే రంగు సాంద్రతలు) 0.82, 0.90 వస్తే సీవీ (సగటుతో పోల్చిన తేడా) సుమారు 6.6 శాతం, ఒప్పుకోవచ్చు. 0.60, 0.84 వస్తే అది 23 శాతం దాటుతుంది, ఆ నమూనాను మళ్లీ నడపాలి. పై స్టాండర్డ్‌ను మించిన ఓడీ వచ్చిన నమూనాకు గ్రాఫ్‌ను పొడిగించి అంకె చెప్పడం తప్పు, దాన్ని పలుచన చేసి తిరిగి కొలవాలి. ఉదాహరణకు 10 రెట్లు పలుచన చేసిన కాలేయ ద్రవంలో మిల్లీలీటరుకు 3.2 నానోగ్రాములు వస్తే అసలు విలువ 32. అదే ద్రవంలో మొత్తం ప్రొటీన్ మిల్లీలీటరుకు 8 మిల్లీగ్రాములైతే, మిల్లీగ్రాము ప్రొటీన్‌కు 4 నానోగ్రాములని రాయాలి.

అసలు నమూనాలను పెట్టడానికి ముందు, కొన్ని స్ట్రిప్‌లను వెచ్చించి కిట్‌నే పరీక్షించడం నేను పట్టుబట్టి చెప్పే విషయం. ఒక సీరాన్ని 2, 4, 8 రెట్లు పలుచన చేసి కొలిచి, ఆ రెట్లతో గుణిస్తే మూడూ దగ్గర దగ్గరగా ఒకే అంకె ఇవ్వాలి. తరువాత స్పైక్ పరీక్ష: 4 నానోగ్రాములు ఉన్న నమూనాకు 10 నానోగ్రాములకు సమానమైన స్టాండర్డ్ కలిపితే 14 రావాలి. 12.6 వస్తే, కలిపిన 10లో తిరిగి దొరికింది 8.6 కాబట్టి రికవరీ 86 శాతం. 80 నుంచి 120 శాతం మధ్య ఉంటే సరే. ఈ రెండింటిలో తప్పిన కిట్‌తో వంద కోళ్లను కొలిచినా ఒకటే, కొలవకపోయినా ఒకటే.

హెచ్‌ఎస్‌పీ-70కి అన్ని కోళ్లకూ వర్తించే సాధారణ స్థాయి అంటూ చెప్పుకోదగ్గ అంకె లేదు. అదే జాతి, అదే వయసు, అదే మేత తిన్న, చల్లని గదిలో ఉంచిన కోళ్లతో పోల్చినప్పుడే ఫలితానికి అర్థం. టీకా, జబ్బు, మేత మాన్పించడం, రవాణా, ఇవన్నీ కూడా ఆ అంకెను కదిలించగలవు. కాబట్టి షెడ్డులో ఉష్ణోగ్రతనూ తేమనూ, నిమిషానికి ఎన్నిసార్లు రొప్పుతోందో, క్లోయకా (మలద్వారం) ఉష్ణోగ్రత ఎంతో, రక్తపు స్లయిడులో హెటెరోఫిల్, లింఫోసైట్ అనే తెల్ల రక్తకణాల నిష్పత్తి ఎంతో కలిపి నమోదు చేయాలి. చివరిదాన్ని 1983 నుంచి కోళ్లలో ఒత్తిడి కొలమానంగా వాడుతున్నారు, ఖర్చు స్లయిడు, రంగు, ఓపిక మాత్రమే. ఒకే షెడ్డులోని 30 కోళ్లు గణాంకాల లెక్కలో 30 స్వతంత్ర ప్రయోగాలు కావన్నది కూడా ముందే గణాంక నిపుణుడితో మాట్లాడుకోవాలి.

మిగిలిన స్ట్రిప్‌లను తేమ పీల్చే పొట్లంతో సహా రేకు సంచిలో గట్టిగా మూసి, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాలి. కరిగించిన స్టాండర్డ్‌ను మాత్రం మరో రోజుకు దాచకూడదు. ఆమ్లం ఉన్న ప్లేట్లను, రక్తం తగిలిన సూదులను 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం వేర్వేరు డబ్బాల్లో వేయాలి. రెండో లాట్ కిట్ తప్పక వాడాల్సి వస్తే, మొదటి లాట్‌తో కొలిచిన నమూనాల్లో తక్కువ, మధ్యస్థ, ఎక్కువ విలువలున్న కొన్నింటిని కొత్త కిట్‌లో తిరిగి నడిపి, తేడాను నివేదికలో చూపించాలి. అందుకోసం ఆ నమూనాల ట్యూబులు కొన్నింటిని మొదటి రోజే ఫ్రీజరులో విడిగా ఉంచాలి.